పాండురంగ గారి పచ్చలైటు

మా మరిది పాండురంగ గురించి హామిల్టన్ చుట్టుపక్కల పాడి రైతుల్ని అడిగి చూడండి, ఎంత గౌరవంగా చెబుతారో. ఐదొందల ఆవులు నిలబడే కొట్టం కడిగితే ఎంత పేడనీరు వస్తుంది, వానాకాలంలో దాన్ని వాగులో కలవకుండా ఎన్నాళ్లు ఆపాలి, అందుకు గుంట ఎంత లోతు తవ్వాలి, ఈ లెక్కలన్నీ కట్టే కంపెనీలో ఆయన ఉద్యోగం. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, సముద్రాలు దాటి వచ్చి ఆయన సాధించిన ప్రావీణ్యం ఇది. ఏ ఆవు రోజుకి ఎంత పోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో మనుషుల సంగతి అడిగితే మాత్రం కాస్త తడబడతాడు.

ఆయన నాకు చెల్లెలి మొగుడు. మా పార్వతి ఆయన్ని చేసుకుని హామిల్టన్ వచ్చింది, నేను మా ఆయన భార్గవ్‌తో ఆక్లాండ్ శివారు హాబ్సన్‌విల్‌లో ఉంటాను. ఆక్లాండ్ వాళ్లమని మాకు కొంచెం తల పొగరు ఉందని పాండురంగ అభిప్రాయం. నిజమే, ఉంది. కానీ ఈ కథలో పొగరు ఆయనదే కాబట్టి నాది పక్కన పెడతాను.

2008లో స్టూడెంట్‌గా దిగినప్పుడు ఆయనకి తలదాచుకోవడానికి గది ఇచ్చింది క్రిష్ణవతి ఆంటీ. ఆవిడ ఫిజీ మనిషి. తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి పోయారు. ఆవిడ తెలుగులో సగం హిందీ, సగం ఇంగ్లీషు, మిగిలినవి మా ముత్తవ్వ వాడి వదిలేసిన మాటలు. భర్త పోయాక గ్యారేజీ పక్క గది అద్దెకిచ్చి, అద్దెకున్న కుర్రాడికి తనే పప్పన్నం పెట్టి పోషించింది. ఆ రోజుల్లో ఓ సాయంత్రం భోజనాల దగ్గర ఆవిడ అందిట, ఫిజీలో తన ఇంట్లో మంచం మీద పడుకుంటే సముద్రం వినబడేదని, హామిల్టన్‌లో అర్ధరాత్రి ట్రక్కులు తప్ప ఏమీ వినబడవని. పాండురంగ చెయ్యి కడుక్కోకుండానే మాటిచ్చేశాడు. "నేనో బండి కొంటా ఆంటీ. మంచమూ అందులోనే ఉంటుంది, సముద్రమూ పక్కనే ఉంటుంది."

మాట నిలబెట్టుకోవడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. 2015 చివర్లో రిటైరైన ఈ దేశపు కివీ దంపతుల దగ్గర పాత మోటర్‌హోమ్ కొన్నాడు. లోపల పడకలు, పొయ్యి, సింకు, బీరువా అంత టాయిలెట్టు. వెనకాల అద్దం మీద నీలం స్టిక్కరు. మూడు రోజుల పాటు తమ మురికి తామే మోసుకు తిరగగల బండ్లకి మాత్రమే ఆ స్టిక్కరు ఇస్తారు. అది ఉంటే ఏ సౌకర్యమూ లేని సముద్రపు ఒడ్డున కూడా చాలాచోట్ల రాత్రి ఉండనిస్తారు. పాండురంగ ఆ స్టిక్కరుని ఇంజినీరింగ్ పట్టా కంటే ఎక్కువ ఇష్టంగా తుడిచేవాడు.

మొదటి ప్రయాణం దగ్గర్లోని రాగ్లన్ బీచ్‌కి. పాండురంగ, పార్వతి, నేను, మా ఆయన. ఆ బండిలో టాయిలెట్టు కింద క్యాసెట్ అని ఓ ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. నిండాక దాన్ని సూట్‌కేసులా బయటికి లాగి, డంప్ స్టేషన్ అనే చోటికి మోసుకెళ్లి పారబోసి కడుక్కోవాలి. కాగితంతో పని కానిచ్చుకునే జాతిని దృష్టిలో పెట్టుకుని చేసిన పెట్టె అది. మేం నలుగురం చెంబు పట్టుకుని వెళ్లే జాతి. ఒక్కొక్కరం వెళ్లినప్పుడల్లా ఓ చెంబు, శుభ్రం మీద మమకారం ఎక్కువైన మా ఆయన రెండు చెంబులు. మర్నాడు పొద్దున కాఫీ తాగే వేళకే పెట్టె పొంగే స్థితికి వచ్చింది. జోరువానలో పాండురంగ దాన్ని మోసుకుంటూ పరిగెత్తాడు. దారిలో మూత ఊడింది. ఆయన బూట్లు అక్కడే చెత్తకుండీలో పడేసి వట్టికాళ్లతో తిరిగొచ్చాడు. ఆవుల సంగతి తెలిసినవాడికి మనుషుల సంగతి తెలియకపోవడమంటే ఇదే.

పార్వతి ఆ వేళే తేల్చి చెప్పింది. "ఇంకొక్క సెలవు చూస్తానండీ. మధ్యలో ఆ పెట్టె పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చిందా, తిరిగెళ్లిన మర్నాడే బండి అమ్మేస్తున్నాం."

పాండురంగ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది, ఆయన ఒంటి మీద వాసన ఇంకా పోలేదు. కానీ అప్పటికి ఆంటీని సముద్రం దగ్గరికి తీసుకెళ్లనే లేదు. కాబట్టి 2016 ఈస్టర్ సెలవులే ఆయనకి ఆఖరి అవకాశం. ఆంటీకిచ్చిన మాట నిలవాలి, బండి దక్కాలి, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఆ పెట్టె నిండకూడదు.

మమ్మల్ని హామిల్టన్ పిలిపించి, హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బియ్యం ఇంట్లోనే కడిగి ఆరబెట్టి సంచుల్లో తేవాలి. కంచాలు వద్దు, పేపర్ ప్లేట్లు. గిన్నెలు ముందు టిష్యూతో తుడవాలి. చేతులు కూడా తడి టిష్యూతోనే. చెంబు పూర్తిగా నిషేధం. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత చారు కూడా నిషేధం అన్నాడు.

"చారేం చేసింది మరిదిగారూ?" అన్నాను.

"సింపుల్ లాజిక్ వదినా. లోపలికి పోయేది తగ్గితే బయటికొచ్చేది తగ్గుతుంది. ఆవులకైనా అంతే."

ఆంటీ మూల కుర్చీలో కూర్చుని ఈ మాట చాలా శ్రద్ధగా విన్నది. బండి అమ్మేసే షరతు సంగతి కూడా ఆవిడకి తెలుసు, పార్వతే చెప్పింది.

ఇక్కడి కోరమాండల్ తీరం వైపు బయల్దేరాం. మన దేశపు కోరమండల్ తీరంలో పుట్టి, విమానం ఖర్చులు పెట్టుకుని ప్రపంచం అడుగుకి వచ్చి, మళ్లీ కోరమాండల్ చూడ్డానికి పోవడం మా మొహాలకే చెల్లింది. చోటు మాత్రం బాగుంది. ఇసుక, చెట్లు, ఓ పక్క రాళ్లగుట్ట. చుట్టుపక్కల దుకాణం లేదు, పబ్లిక్ టాయిలెట్ అంతకన్నా లేదు. ఆంటీ బండి మెట్టు మీద కూర్చుని అలల్ని చూసింది. తర్వాత పాండురంగ చెయ్యి పట్టుకుని, "మా ఇంటి కాడ సప్పుడే బాబూ ఇది, సేమ్" అంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో నాకూ ఆయన మీద ప్రేమ పొంగిందని ఒప్పుకుంటాను. ఆ పొంగు ఓ పావుగంట నిలిచింది.

బండి తలుపు పక్కన ఓ చిన్న ప్యానెల్ ఉంది. క్యాసెట్ ఖాళీగా ఉంటే పచ్చలైటు, సగమైతే పసుపు, నిండితే ఎరుపు. సాయంత్రం ఆంటీ టాయిలెట్‌కి వెళ్లి తలుపు తీసుకుని బయటికి రాగానే, ప్యానెల్ ముందు పాండురంగ నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, ఒకటా, రెండా?"

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒక వేలు చూపించింది.

"లెక్క కోసం ఆంటీ, ఏం అనుకోకండి." తర్వాత బయట కుర్చీలేసుకున్న మా అందరికీ వినబడేలా, "ఆంటీ ఒకటి. ఇంకా గ్రీన్‌లోనే ఉన్నాం" అన్నాడు.

శనివారం పొద్దున ఆంటీ ఇంకోసారి వెళ్లొచ్చింది. మళ్లీ ప్రకటన. "నిన్న సాయంత్రం ఒకటి, ఇప్పుడు ఒకటి. వెరీ గుడ్ ఆంటీ, కంట్రోల్‌లో ఉన్నారు." పక్క బండిలోని ముసలి కివీ దంపతులు మా వైపు చూసి చెయ్యూపారు. భాష రాకపోవడం ఎంత వరమో వాళ్లకి తెలియదు.

ఆ తర్వాత మేం ముగ్గురు ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేశాం. ఒకరితో ఒకరం అనుకున్నది కాదు. అనుకోవాల్సిన పనేముంది, ఆ విద్యలో మేం ఆరితేరిన వాళ్లం. ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే నీళ్లు తగ్గించుకోవడం మా అమ్మ నాకూ పార్వతికీ జడ వేసుకోవడం నేర్పినట్టే నేర్పింది. తెనాలి నుంచి హైదరాబాదు దాకా బస్సులో ఒక్కసారి కూడా దిగకుండా వెళ్లిన చరిత్ర నాది. ఆంటీ ఫిజీలో చెరుకు లారీల మధ్య కిక్కిరిసిన బస్సుల్లో అదే చదువు చదివింది. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా పుట్టిన ఆడవాళ్లకి ఎవరూ కూడబలుక్కోకుండా ఒకటే సిలబస్సు.

అసలు విచిత్రం పార్వతిది. రెండు గ్లాసుల మజ్జిగ తాగి నాలుగుసార్లు లోపలికి వెళ్లొస్తే చాలు, పెట్టె నిండి పందెం గెలిచేది. కానీ "పార్వతి రెండు" అని మొగుడు బీచ్ అంతా వినిపించేలా చాటడం కంటే ఓడిపోవడమే నయమనుకుంది.

మగవాళ్లకి ఈ బాధ లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం సూర్యాస్తమయం చూడాలని ఒకసారి, పాండురంగ, మా ఆయన రాళ్లగుట్ట వెనక్కి వాకింగ్‌కి వెళ్లేవాళ్లు. ప్రకృతి మీద వాళ్లకంత ఆరాధన ఉందని పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు తెలియదు. వెళ్లేటప్పుడు వడివడిగా వెళ్లేవాళ్లు, వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చేవాళ్లు. నీలం స్టిక్కరు నియమాలు, పర్యావరణం, గుట్ట వెనక ఎవరైనా పట్టుకుంటే పడే జరిమానా, వీటి గురించి మాకు ఉపన్యాసం ఇచ్చింది ఈ పెద్దమనిషే. చెప్పేవి శ్రీరంగనీతులు, మిగతా సామెత మీకు తెలుసు.

శనివారం సాయంత్రం పక్క బండావిడ జాయిస్ బనానా కేక్ తెచ్చింది. పాండురంగ అందరికీ టీ పెట్టాడు. నేను వద్దన్నాను. పార్వతి ఇప్పుడే తాగానంది. ఆంటీ కప్పు తీసుకుని, ఆయన అటు తిరగగానే మెట్టు పక్కనున్న గడ్డిలో ఒంపేసి, నన్ను చూసి కన్ను గీటింది. నేనూ నవ్వాను. అప్పుడు అది నవ్వులాటగానే అనిపించింది.

జాయిస్ ప్యానెల్ చూసి ఆశ్చర్యపోయింది. తామిద్దరే ఉన్నా రెండో రోజుకల్లా తమ క్యాసెట్ నిండిపోతుందిట. అయిదుగురున్న మా బండిలో ఇంకా పచ్చలైటేనా అని అడిగింది. అడగడమే ఆలస్యం, పాండురంగ ఓ అరగంట ప్రసంగించాడు. సమస్య ట్యాంకు సైజులో ఉండదట, మేనేజ్‌మెంట్‌లో ఉంటుందట. డిసిప్లిన్ ఉంటే ఈ పెట్టెతో వారం కూడా గడపొచ్చుట. ఆమె నోరు తెరుచుకుని వింది. నా పక్కన పార్వతి ఎండిన పెదాల్ని నాలుకతో తడుపుకుంటూ వింది.

ఆదివారం ఎండ ఎక్కువైంది. నేనూ పార్వతీ గుక్కెడు గుక్కెడు తాగుతూ నెట్టుకొస్తున్నాం. ఆంటీ పొద్దున ఉప్మా వద్దంది. తల నొప్పిగా ఉందని పడుకుంది. మధ్యాహ్నం ఆవిడ లేచి సముద్రం వైపు చూసి నన్ను "లలితా" అని పిలిచింది. లలిత ఫిజీలో ఎప్పుడో చనిపోయిన ఆవిడ చెల్లెలు. నేను దగ్గరికి వెళ్లేలోపే మెట్టు దిగబోయి అలాగే ఇసుకలోకి ఒరిగిపోయింది.

పాండురంగ, మా ఆయన పరుగెత్తుకొచ్చారు. ఆవిడ ఒళ్లు కాలుతోంది. నాలుక అట్టముక్కలా ఉంది. నేను తల ఒళ్లో పెట్టుకుని, "ఆంటీ, నీళ్లు ఎప్పుడు తాగారు?" అన్నాను.

ఆవిడ కళ్లు సగం తెరిచింది. "నాకు దాహం లేదమ్మా."

"ఎప్పుడు తాగారు?"

"నీళ్లు తాగితే లోపలికి పోవాలి గదా. లైటు మారిద్ది." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "బాబు బండి పోద్ది, అమ్మా. నా కోసం గదా కొన్నాడు."

ఇందుకోసం డాక్టరిచ్చిన బీపీ మాత్ర కూడా ఆవిడ మానేసింది. ఆ మాత్ర వేసుకుంటే ఒంటికి ఎక్కువసార్లు వెళ్లాల్సొస్తుందట. పాండురంగని అనడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి, అందులో చాలావరకు అన్నాను కూడా. పెద్దవాళ్ల ముందు మరిదిని అలా అనకూడదు. అన్నందుకు ఈరోజుకీ నాకు చింత లేదు.

జాయిస్ దగ్గర్లోని పట్నంలో మెడికల్ సెంటర్‌కి ఫోన్ చేసి, తీసుకొచ్చెయ్యమన్నారని చెప్పింది. ఆ బండిలోనే ఆంటీని పడుకోబెట్టి, నేను చెంచాతో నీళ్లు పోస్తూ ఉంటే, పాండురంగ కొండదారి మలుపుల్లో డ్రైవ్ చేశాడు. మలుపు తిరిగినప్పుడల్లా ప్యానెల్ మీద పచ్చలైటు నాకెదురుగా వెలుగుతూనే ఉంది.

అక్కడ నర్సు వెంటనే సెలైన్ పెట్టింది. తర్వాత కాగితం తీసుకుని మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగింది. వయసెంత, ఏ మందులు వాడుతుంది, ఏమి తిన్నది. చివరికి, ఆవిడ ఆఖరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్లిందో ఎవరికైనా తెలుసా అని అడిగింది. ఏ ఇంట్లోనూ ఎవరికీ తెలిసే సంగతి కాదు అది. నర్సు కూడా జవాబు వస్తుందని అనుకోలేదు, అప్పటికే పేజీ తిప్పుతోంది.

"నిన్న పొద్దున. ఏడున్నరకి" అన్నాడు పాండురంగ.

నర్సు తలెత్తి ఆయన వైపు చూసింది. కచ్చితంగా తెలుసా అంది. తెలుసన్నాడు. ఆ తర్వాత ఆవిడ అసలు వెళ్లలేదా అంది. లేదన్నాడు. మీకెలా తెలుసని నర్సు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని నాకనిపించింది. ఆ పెద్దమనిషి అక్కడే గోడకి ఆనుకుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చుండిపోయాడు. "వెరీ గుడ్ అన్నాను వదినా. ఆవిడకి వెరీ గుడ్ అని చెప్పాను" అన్నాడు. నేనేం ఓదార్చలేదు.

సాయంత్రానికి ఆంటీ తేరుకుంది. నర్సు సాయంతో టాయిలెట్‌కి వెళ్లొచ్చింది. మేం నలుగురం వరండాలో నిలబడి, ఆ వార్త విని పరీక్ష పాసైనంత సంతోషపడ్డాం. ఈసారి ఒకటా రెండా అని ఎవరూ అడగలేదు. డాక్టరు ఆవిడకి చీవాట్లు పెట్టి, మర్నాడు ఒకసారి చూపించి ఇంటికి వెళ్లమని పంపేసింది.

బండెక్కించి పడుకోబెట్టగానే పాండురంగ గ్లాసు నిండా నీళ్లు తెచ్చాడు. ఆంటీ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. అప్పటికీ ఆవిడ మనసు అక్కడే ఉంది.

"లైటు ఏ రంగు ఉండాది బాబూ?"

పాండురంగ ప్యానెల్ వైపు చూశాడు. పార్వతి ఆ ప్యానెల్ పక్కనే నిలబడి ఉంది. పచ్చలైటు ఆమె భుజం మీద పడుతోంది.

"ఎరుపు ఆంటీ. నిండిపోయింది" అన్నాడు. "ఇప్పుడే వెళ్లి పారబోసి రావాలి. ఇంక దాచుకోడానికి ఏం లేదు, మీరు తాగండి."

ఆయన ఉద్యోగ జీవితంలో కూడా అంత తప్పు రీడింగు చెప్పి ఉండడు. ఆంటీ "అయ్యో, పోయిందా" అని నిట్టూర్చి, గ్లాసు మొత్తం తాగేసింది. ఇంకోటి అడిగి అదీ తాగింది. పార్వతి ఖాళీ గ్లాసు అందుకుంది.

పట్నం చివర డంప్ స్టేషన్ దగ్గర నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి. పాండురంగ తన వంతు వచ్చేదాకా నిలబడి, క్యాసెట్ లాగి, అందరూ చూస్తుండగా వంచాడు. అందులోంచి ఓ చెంబుడు కంటే ఎక్కువ రాలేదు. వెనకనున్న కివీ కుర్రాడు మా ఆయన్ని, ఏం, ఇప్పుడే ఖాళీ చేసుకున్నట్టున్నారు కదా, మళ్లీ ఎందుకని అడిగాడు. మా ఆయన ఆకాశంలో పక్షుల్ని చూశాడు. పాండురంగ మాత్రం నిండిన పెట్టెని కడిగినంత శ్రద్ధగా రెండుసార్లు కడిగి, మూత బిగించి పెట్టాడు.

ఆ సాయంత్రం మళ్లీ ఆ ఒడ్డుకే వెళ్లాం. ఆంటీ లోపలికి వెళ్లినప్పుడల్లా పాండురంగ బండి దిగి, నీళ్ల దాకా నడిచి, మాకు వీపు పెట్టుకుని నిలబడేవాడు. ప్యానెల్ మీద ఎవరో తువ్వాలు కప్పారు. ఎవరని నేను అడగలేదు, తువ్వాలు మాత్రం ఆయనదే. ఆంటీ కిటికీ తీయించుకుని, అలల చప్పుడు వింటూ నిద్రపోయింది.

సోమవారం ఇంటికి చేరాం. రెండు వారాలు గడిచాయి. బండి వాళ్ల వాకిట్లోనే ఉందని, అమ్మకం మాటే లేదని విని, పార్వతికి ఫోన్ చేసి అడిగాను. సెలవు మధ్యలో పెట్టె మోసుకుని వెళ్లాడు కదా, మరి షరతు ఏమైందే అన్నాను.

"లైటు పచ్చగానే ఉంది కదక్కా, మోయాల్సొచ్చి మోసిందేం కాదు. నేను పక్కనే నిలబడి చూశాను" అంది.

"మరి బండి అమ్మడం లేదని ఆయనకి చెప్పావా?"

"ఎందుకూ? ఇంకో నెల భయపడనీ. రోజూ ఆఫీసు నుంచే నాకూ ఆంటీకీ ఫోన్ చేసి నీళ్లు తాగారా అని అడుగుతున్నాడు."